నోటీసు వచ్చాక కేసు షీట్ ముట్టుకోవద్దు

ప్రశ్న: నేను గైనకాలజిస్టుని. తెలంగాణలో ఓ చిన్న పట్టణంలో 12 పడకల నర్సింగ్ హోమ్ నడుపుతున్నాను. కొన్ని నెలల క్రితం రెండో కాన్పుకు వచ్చిన అమ్మాయికి నార్మల్ డెలివరీ అయింది. బిడ్డ బాగానే ఉంది. తర్వాత తల్లికి రక్తస్రావం మొదలై ఆగలేదు. ఇంజెక్షన్లు ఇచ్చి, చేయగలిగింది చేసి, జిల్లా కేంద్రానికి పంపాను. అక్కడ గర్భసంచి తీసేసి ప్రాణం కాపాడారు. ఆ రాత్రి బంధువులు వచ్చి మా రిసెప్షన్ అద్దాలు పగలగొట్టారు. నా నిర్లక్ష్యం వల్లే గర్భసంచి పోయిందంటూ ఇప్పుడు లాయరు నోటీసు వచ్చింది. ఆ రెండు గంటల గురించి మా కేసు షీట్‌లో నాలుగు లైన్లే ఉన్నాయి. ఇప్పుడైనా వివరంగా రాసి పెట్టుకోమని తోటి డాక్టర్లు అంటున్నారు. అన్నీ సిజేరియన్లు చేసేస్తే ఏ గొడవా ఉండదని ఒకరు, గట్టి కన్సెంట్ ఫారం రాయించుకోమని ఇంకొకరు. మావారేమో అసలు డెలివరీలే మానేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు:

డాక్టర్ గారూ,

ముందు అన్నిటికంటే తొందరగా చేయాల్సింది చెబుతాను. ఆ కేసు షీట్‌లో ఒక్క అక్షరం కూడా కలపకండి. మీ స్నేహితులు మీ మంచి కోరే చెప్పి ఉంటారు, కానీ ఇంతకంటే చెడ్డ సలహా ఉండదు. ఆ రాత్రి సంగతి మీ కేసు షీట్‌లో మాత్రమే లేదు. మీరు రాసిచ్చిన రెఫరల్ చీటీలో ఉంది. జిల్లా కేంద్రంలో అడ్మిట్ చేసుకున్న డాక్టరు రాసిన మొదటి పేజీలో ఉంది. అంబులెన్స్ వాళ్ల రికార్డులో, మందుల బిల్లుల్లో, మీ ఫోన్ కాల్ లిస్టులో, మీ సీసీ కెమెరాలో ఉంది. మీరు ఇప్పుడు గుర్తుచేసుకుని వేసే టైము వీటిలో ఏ ఒక్కదానితో పొసగకపోయినా, మీరు నిజంగా చేసిన మంచి వైద్యాన్ని కూడా ఎవరూ నమ్మరు. నాలుగు లైన్ల కేసు షీట్‌తో మీ లాయరు వాదించగలరు. దిద్దిన కేసు షీట్‌తో ఏ లాయరూ వాదించలేరు.

ఒరిజినల్‌ని స్కాన్ చేయించి, బీరువాలో పెట్టి తాళం వేయండి. సీసీ కెమెరా ఫుటేజీ ఇంకా ఉంటే దాన్నీ కాపీ చేయించండి. ఆ తర్వాత వేరే కాగితం తీసుకుని, ఈ రోజు తేదీ వేసి, మీకు గుర్తున్నదంతా లాయరు కోసం రాయండి. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సు, ఆయా ఎవరికి వారే విడిగా రాయాలి. మీరు చెప్పి రాయించకూడదు. పేషెంటు వైపు వాళ్లు రికార్డు కాపీ అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెబుతోంది. ఇవ్వకుండా తిప్పించుకుంటే ఏదో దాస్తున్నారనే అర్థం వస్తుంది. మీ ఇండెమ్నిటీ పాలసీ (ఇలాంటి కేసుల్లో పరిహారం భరించే బీమా) కంపెనీకి నోటీసు కాపీ వెంటనే పంపండి. కేసు పడ్డాక చెబుదాంలే అనుకుంటే, ఆలస్యంగా చెప్పారనే సాకుతో వాళ్లు తప్పుకోవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులోనే తేల్చింది. 2019లో కొత్త చట్టం వచ్చాక కూడా అందులో మార్పు లేదు. క్రిమినల్ కేసు సంగతి వేరు. దానికి మామూలు పొరపాటు సరిపోదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలని 2005లో జేకబ్ మాథ్యూ కేసులో అదే కోర్టు చెప్పింది. ప్రాసిక్యూషన్‌కు ముందు పోలీసులు మరో డాక్టరు స్వతంత్ర అభిప్రాయం తీసుకోవాలనీ, మామూలు కేసుల్లో లాగా డాక్టరును అరెస్టు చేయకూడదనీ అదే తీర్పులో ఉంది. పేషెంటు చనిపోయిన సందర్భాల్లో పెట్టే సెక్షన్ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 106(1). రిజిస్టర్డ్ డాక్టరుకు గరిష్ఠ శిక్ష రెండేళ్లు. మీ పేషెంటు బతికింది కాబట్టి ఆ సెక్షన్ మీకు వర్తించదు. ఆ భయం మనసులోంచి తీసేయండి.

ఈ భయం ఊరికే పుట్టింది కాదని నాకూ తెలుసు. 2022 మార్చిలో రాజస్థాన్‌లోని దౌసా జిల్లాలో సరిగ్గా ఇలాగే కాన్పు తర్వాత రక్తస్రావంతో ఒక తల్లి చనిపోతే, పోలీసులు డాక్టరు మీద ఏకంగా హత్య కేసు పెట్టారు. ఆ డాక్టరు ఆత్మహత్య చేసుకున్నారు. మీకు రాత్రిళ్లు నిద్ర పట్టకపోతున్నా, లేబర్ రూమ్‌లోకి వెళ్లాలంటే చేతులు వణుకుతున్నా మీవారితో ఒక్కరితోనే పంచుకుని ఊరుకోకండి. సైకియాట్రిస్టును కలవండి. అందులో నామోషీ ఏమీ లేదు.

మెడికల్ బోర్డుల కోసం కాన్పు కేసుల ఫైళ్లు చదివీ చదివీ నాకు ఒకటి బాగా అర్థమైంది. రక్తస్రావం ఎందుకు అయిందని వినియోగదారుల కమిషన్‌లో మిమ్మల్ని ఎవరూ నిలదీయరు. ఎంత మంచి డాక్టరు చేతిలోనైనా అది జరుగుతుంది. వాళ్లు అడిగేది టైము గురించి. ఎప్పుడు గమనించారు? డాక్టరుకు ఎప్పుడు ఫోను చేశారు? ఆవిడ ఎన్ని గంటలకు వచ్చింది? రెండో మందు ఎప్పుడు వేశారు? రక్తానికి ఎప్పుడు పంపారు? ఇక్కడ కాదు అని ఎప్పుడు అనుకున్నారు, బండి ఎన్నింటికి కదిలింది? కాన్పు కేసుల్లో నిర్లక్ష్యం అన్నది చాలావరకు చెయ్యి చేసిన తప్పు కాదు, మధ్యలో పోయిన టైము. కేసుల బెడద తగ్గాలంటే ముందు ఆ టైము తగ్గాలి. ఆ తర్వాత అది కాగితం మీద కనబడాలి. ఫారాలు వీటి తర్వాతే.

రక్తస్రావం సంగతే తీసుకోండి, మీకు దెబ్బ తగిలింది అక్కడే కాబట్టి. కంటితో చూసి వేసే అంచనా దాదాపు ఎప్పుడూ తక్కువే వస్తుంది. దుప్పటికి అంటింది, బకెట్‌లో పోయింది లెక్కలోకి రాదు. ఇంకాసేపు చూద్దాం అనుకుంటూ అరగంట పోతుంది. కొలత గీతలున్న ప్లాస్టిక్ డ్రేప్ పిరుదుల కింద పరిచి, పోయే రక్తాన్ని కొలవడం అలవాటు చేయండి. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాల్లో చేసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వచ్చాయి. ఇలా కొలిచి, రక్తస్రావం గుర్తించగానే గర్భసంచి మసాజ్, గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్, రక్తస్రావం తగ్గించే ట్రానెగ్జామిక్ యాసిడ్, సెలైన్, కారణం కోసం పరీక్ష, ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టిన ఆసుపత్రుల్లో తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే ఆపరేషన్లు, మరణాలు కలిపి 60 శాతం తగ్గాయి. మన దగ్గర అలవాటు దీనికి తలకిందులుగా ఉంది. ఒక ఇంజెక్షన్ ఇచ్చి చూస్తాం, తగ్గకపోతే ఇంకొకటి తెప్పిస్తాం, అది బయట షాపులో కొనుక్కురావాల్సి వస్తుంది. ఒక గ్రాము ట్రానెగ్జామిక్ యాసిడ్ కాన్పు అయిన మూడు గంటల్లోపు పడాలి. దాటితే ఉపయోగం ఉండదు. ఆక్సిటోసిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. కరెంటు పోయిన వేసవి మధ్యాహ్నాలు మీ ఫ్రిజ్ సంగతేంటో ఒకసారి చూసుకోండి. మందు పనిచేయలేదని మనం అనుకునేది కొన్నిసార్లు మందు పాడైపోయి ఉండటం.

ఈ మందులన్నీ, రెండు పెద్ద క్యానులాలు, గర్భసంచిలో ఉబ్బించి రక్తం ఆపే కండోమ్ బెలూన్ సామాను, రక్తం శాంపిల్ ట్యూబులు ఒకే డబ్బాలో పెట్టి లేబర్ రూమ్ గోడకు తగిలించండి. నెలకోసారి రాత్రి షిఫ్టులో, ముందుగా చెప్పకుండా, ఇప్పుడు రక్తస్రావం అనుకోండి అని చేయించి చూడండి. మొదటిసారి ఎవరు ఫోను చేయాలో, ఎవరు గర్భసంచి మసాజ్ చేయాలో తెలియక నలుగురూ ఒకేచోట నిలబడతారు. మూడోసారికి కుదురుతుంది.

అది అమెరికాలో కుదురుతుంది, మన దగ్గరెక్కడ అంటారేమో, అక్కడి సంగతే చెబుతాను. న్యూయార్క్‌లోని వేల్ కార్నెల్ ఆసుపత్రి ప్రసూతి విభాగం 2003-06 మధ్య నష్టపరిహారాల కింద ఏడాదికి సగటున 2.76 కోట్ల డాలర్లు చెల్లించింది. 2007-09 మధ్య ఆ సగటు 25.5 లక్షల డాలర్లకు దిగింది. వాళ్లు కొత్త కన్సెంట్ ఫారాలతో సాధించింది కాదిది. డాక్టర్లకూ నర్సులకూ కలిపి శిక్షణ ఇచ్చారు, నొప్పుల డ్రిప్ (నొప్పులు పెరగడానికి ఎక్కించే ఆక్సిటోసిన్) అందరూ ఒకే పద్ధతిలో పెట్టాలన్నారు, ఆ సెలైన్ సీసాకు వేరే రంగు లేబుల్ అంటించారు, రక్తస్రావం సామాను సిద్ధంగా ఉంచారు, అత్యవసర డ్రిల్స్ చేయించారు. ఒక్క ఆసుపత్రి అనుభవాన్ని పట్టుకుని అంతా వీటివల్లే అనేయలేం. అయితే ఈ పనుల్లో చాలావరకు మీ 12 పడకల ఆసుపత్రిలోనూ చేయొచ్చు, ఖర్చూ తక్కువే.

నొప్పుల డ్రిప్ మాట వచ్చింది కాబట్టి, బిడ్డకు సంబంధించిన కేసులు ఎక్కువగా అక్కడే చిక్కుకుంటాయి. డ్రిప్ ఎన్నింటికి పెట్టారు, ఎన్ని చుక్కలు, ఎప్పుడు పెంచారు, బిడ్డ గుండె చప్పుడు ఎప్పుడెప్పుడు విన్నారు? మొదటి దశలో అరగంటకోసారి, బిడ్డ దిగేటప్పుడు అయిదు నిమిషాలకోసారి విని, విన్నప్పుడే రాయాలి. డ్యూటీ దిగేముందు వరసగా 140, 140, 140 అని నింపిన చార్టును చదివేవాళ్లు ఇట్టే పట్టేస్తారు. ఇక్కడే ఇంకో మాట. రాత్రిపూట డ్రిప్ చూసేది ఎవరు? రిజిస్ట్రేషన్ ఉన్న నర్సా, ఏళ్ల తరబడి మీ దగ్గరే ఉండి పని నేర్చుకున్న అమ్మాయా? ఆ అమ్మాయి ఎంత నేర్పరి అయినా సరే, కమిషన్ ముందు ఆమె పేరు పక్కన ఏ అర్హతా ఉండదు. ఆమె చేసిన ప్రతి పనికీ మీరే జవాబుదారీ. చిన్న నర్సింగ్ హోములకు ఉన్న అతిపెద్ద ముప్పు ఇదేనని నా అభిప్రాయం. దీని గురించి మనలో మనం కూడా మాట్లాడుకోం.

ఫోను వైద్యం కూడా అలాంటిదే. రత్నగిరిలో సిజేరియన్ అయి ఇంటికెళ్లిన ఒక తల్లి మళ్లీ జబ్బుపడి వస్తే, డాక్టర్లు ఊళ్లో లేక ఫోనులోనే చెప్పి అడ్మిట్ చేయించి మందులు ఇప్పించారు. ఆమె చనిపోయింది. 2018లో బాంబే హైకోర్టు ఆ డాక్టర్లకు ముందస్తు బెయిల్ ఇవ్వలేదు. మీరు ఊరు దాటుతుంటే అడ్మిషన్లో ఉన్నవాళ్లను ఏ డాక్టరుకు అప్పగించారో ఆయన పేరుతో సహా కేసు షీట్‌లో రాయండి. అప్పగించేవాళ్లు లేకపోతే కొత్త అడ్మిషన్ తీసుకోవద్దు.

కన్సెంట్ ఫారం గురించి మీ స్నేహితులకు ఉన్నంత నమ్మకం నాకు లేదు. ఏం జరిగినా ఆసుపత్రి బాధ్యత లేదు అని రాయించుకున్న సంతకం నిర్లక్ష్యం నుంచి ఎవర్నీ కాపాడదు. కాపాడేది వేరే రకం కన్సెంట్. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూడండి. పరీక్ష కోసం మత్తిచ్చిన పేషెంటుకు, ఆమె మత్తులో ఉండగా తల్లిని అడిగి గర్భసంచి తీసేశారు. ప్రాణాపాయం లేనప్పుడు, మెలకువ వచ్చేదాకా ఆగే వీలున్నప్పుడు తల్లి ఒప్పుకోలు చెల్లదంది కోర్టు. మన దగ్గర ఇప్పటికీ భర్త సంతకమో మామగారి సంతకమో ఉంటే చాలనుకుంటాం. సంతకం ఆ అమ్మాయిదే ఉండాలి, తెలుగులో ఉండాలి, నొప్పుల మధ్యలో కాకుండా తొమ్మిదో నెల చెకప్‌లోనే మాట్లాడి ఉండాలి. సిజేరియన్‌తో పాటు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేస్తే దానికి విడి కన్సెంట్. అది అరుదుగా విఫలం కావచ్చన్న మాట అందులో తప్పకుండా ఉండాలి.

ఆ చెకప్‌కు ఇరువైపుల వాళ్లనూ పిలవండి. మన ఇళ్లలో అమ్మాయి కాన్పుకు పుట్టింటికి వస్తుంది. ఏడో నెలదాకా చూసిన డాక్టరు ఇంకో ఊళ్లో ఉంటుంది, సగం రిపోర్టులు అత్తగారింట్లోనే ఉండిపోతాయి. మీతో మాట్లాడింది తల్లీతండ్రీ. కష్టం వచ్చిన రాత్రి కారేసుకుని దిగేది భర్త, అతని అన్నదమ్ములు. వాళ్లకు ముందు ఏ సంగతీ తెలియదు. అద్దాలు పగిలేది చాలాసార్లు అప్పుడే. మీ దగ్గర రక్తం ఎంత దూరం నుంచి రావాలి, మత్తు డాక్టరు ఎంతసేపట్లో వస్తారు, అవసరమైతే ఎక్కడికి పంపుతారు అన్నది భర్తకు కూడా ముందే చెప్పి, చెప్పినట్టు రాసుకోండి. ఏ రిపోర్టులు తెచ్చారో, ఏవి తేలేదో అదీ రాయండి.

రక్తస్రావం మొదలైన గంటలో బయటికి వచ్చి ఇంటివాళ్లతో రెండు నిమిషాలు మాట్లాడటానికి ఎవర్నో ఒకర్ని కేటాయించండి. మీరు చేతులు తీయలేకపోతే మీవారో, సీనియర్ నర్సో. ఏం ఫర్వాలేదు అని మాత్రం చెప్పించకండి. ఏం జరుగుతోంది, ఏం చేస్తున్నాం, పంపాల్సి రావచ్చు. ఇంతే. పంపేటప్పుడు అక్కడి డ్యూటీ డాక్టరుతో నేరుగా మాట్లాడండి, డ్రిప్ నడుస్తుండగా నర్సును తోడు పంపండి, రెఫరల్ చీటీలో పోయిన రక్తం, ఇచ్చిన మందులు, టైములు ఉండాలి. చీటీలో ఏమీ లేకపోతే అవతలి డాక్టరు 'చాలా ఆలస్యంగా తెచ్చారే' అంటాడు. ఆ ఒక్క మాట నుంచి ఎన్ని కేసులు పుట్టాయో! మనమూ వేరే ఆసుపత్రి నుంచి వచ్చిన పేషెంటు ముందు ఇలా నోరు జారుతుంటాం.

అన్నీ సిజేరియన్లే అన్న సలహాకు ఇంత చాలు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే, ప్రైవేటులో అయితే 81.5 శాతం. కోత వల్ల కేసులు పోయేటట్టయితే ఈపాటికి మన రాష్ట్రంలో కేసన్నదే ఉండకూడదు. రక్తస్రావం సిజేరియన్‌లో ఎక్కువ, మత్తు ప్రమాదం అదనం, తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుకు అతుక్కుంటే మీకొచ్చిన కష్టం పదింతలవుతుంది. లోపల గుడ్డ మిగిలిపోతే ఇక వాదనే ఉండదు. 1963లో ఔరంగాబాద్ ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు తర్వాత చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్లో టవల్ లోపల మిగిలిపోయి తల్లి చనిపోతే, 1996లో సుప్రీంకోర్టు కూడా దాన్ని నిర్లక్ష్యమే అంది. రక్తం తుడిచే గుడ్డల (మాప్‌ల) లెక్క కుట్లు వేయకముందు గట్టిగా చదివి, ఇద్దరు సంతకం చేయాలి. ఇక ముహూర్తం సిజేరియన్లు. పంతులుగారు చెప్పిన టైము కోసం 37 వారాలకే కోసిన బిడ్డకు ఊపిరి ఇబ్బంది వస్తే, వాళ్లే అడిగారన్న జవాబు నిలవదు. వైద్య కారణం లేకపోతే 39 వారాలు నిండాకే. ఆ తర్వాత ఏ ముహూర్తమైనా వాళ్లిష్టం.

చిన్నవి రెండు. ఇండెమ్నిటీ పాలసీ మీ పేరున ఒకటి, ఆసుపత్రి పేరున ఒకటి ఉండాలి. మధ్యలో ఆపకుండా రెన్యూ చేయండి, ఎందుకంటే చికిత్స చేసిన ఏడాది పాలసీ కాదు, క్లెయిము వచ్చిన ఏడాది పాలసీయే సాధారణంగా పనిచేస్తుంది. క్రిమినల్ శిక్షలకు అది వర్తించదు. రికార్డులు కనీసం మూడేళ్లు ఉంచాలన్నది నియమం. కాన్పు రికార్డులు అంతకంటే చాలా ఎక్కువ ఏళ్లు ఉంచండి, బిడ్డ తరఫున క్లెయిము ఆలస్యంగా కూడా రావచ్చు. అద్దాలు పగలగొట్టిన సంగతికి వస్తే, ఆసుపత్రులపై దాడి 2008 నాటి చట్టం కింద నాన్‌బెయిలబుల్ నేరం. అయితే ఫిర్యాదు ఇప్పుడు ఇవ్వాలా వద్దా అన్నది మీ లాయరుతో మాట్లాడాకే. నోటీసుకు ప్రతీకారంగా కేసు పెట్టారన్న పేరు రాకూడదు.

మీవారి ప్రశ్నకు నా జవాబు: మానేయకండి, ఏ కాన్పులు మీవి కావో తేల్చుకోండి. మీ ఊళ్లో రక్తం గంటలో దొరకకపోతే, మాయ కిందికి ఉన్నవాళ్లు, రెండు మూడు సిజేరియన్లు అయినవాళ్లు, బీపీ బాగా పెరిగినవాళ్లు, రక్తహీనత తీవ్రంగా ఉన్నవాళ్లు మీ దగ్గర కాన్పు కాకూడదు. వాళ్లను నొప్పులు వచ్చాక కాదు, ఎనిమిదో నెలలోనే కారణం రాసి పెద్దాసుపత్రికి పంపండి. కొన్నాళ్లు రాబడి తగ్గుతుంది. ఆ లెక్క మీరిద్దరూ కూర్చుని చూసుకోవాల్సిందే.

ఈలోగా నోటీసుకు జవాబు లాయరు ద్వారానే వెళ్లాలి. మీరు స్వయంగా ఫోను చేసి ఆ కుటుంబంతో బేరాలాడొద్దు, మధ్యవర్తుల్ని పంపొద్దు. కమిషన్ నుంచి ఫిర్యాదు కాపీతో నోటీసు వస్తే మాత్రం ఆ కవరు అందిన తేదీని అప్పుడే రాసిపెట్టుకోండి. జవాబు దాఖలుకు 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే ఇంకో 15. అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.